ఏడవని పిల్లాడి గురించి

పిల్లల వార్డులో అందరి మెప్పూ పొందేది ఏడవని పిల్లాడు. "ఎంత బుద్ధిమంతుడో, సూది గుచ్చినా కిక్కురుమనలేదు" అంటారు. అమ్మ ప్రాణం కుదుటపడుతుంది. డాక్టరు తల నిమిరి పక్క మంచానికి వెళ్ళిపోతాడు. ఆ పిల్లాడు పొద్దుటి నుంచీ గోడవైపు తిరిగే పడుకున్నాడనీ, నరంలోకి మందులెక్కించే కాన్యులా పెట్టిన చేతిని నిన్నటి నుంచి ఒక్కసారి కూడా కదపలేదనీ ఎవరికీ తట్టదు. పక్క మంచం మీద గుక్కపట్టి ఏడ్చి, కాళ్ళు తన్నిన పాపకి మాత్రం "మొండిఘటం" అని పేరు.

ఈ కొలబద్ద తప్పు. ఆసుపత్రిలో జరగబోయేదానికి పిల్లల్ని సిద్ధం చేసి, వాళ్ళ భయాన్ని తగ్గించే చైల్డ్ లైఫ్ స్పెషలిస్టుల పనిని కూడా దీనితోనే కొలుస్తున్నారు కాబట్టి చాలాచోట్ల ఆ ఉద్యోగాన్ని పిల్లల్ని నవ్వించే సరదా సేవ కింద జమకట్టేస్తున్నారు. స్పెషలిస్టు వచ్చాక వార్డులో ఏడుపులు తగ్గాయా, ఫొటోల్లో పిల్లలు నవ్వుతున్నారా అని అడుగుతారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. తనకేం జరుగుతోందో పిల్లాడికి తెలుసా? జరుగుతున్న దాంట్లో తన చేతిలో ఏమైనా ఉందా? మళ్ళీసారి ఇదే గదికి రావాల్సి వస్తే ఇప్పటికన్నా ఎక్కువ భయపడతాడా, తక్కువా? ఈ మూడింటికీ సరైన జవాబు వచ్చిన రోజున పిల్లాడు బావురుమని ఏడ్చినా సరే, ఆ రోజు పని బాగా జరిగినట్టే.

నిశ్శబ్దాన్ని చూసి మోసపోవడం కొత్త కాదు. 1950ల దాకా చాలా ఆసుపత్రుల్లో తల్లిదండ్రులు పిల్లల్ని వార్డులో అప్పగించి వెళ్ళిపోవాల్సిందే, చూడనిచ్చే వేళలు బహు తక్కువ. అమ్మ వస్తే పిల్లాడు ఏడుస్తాడు, రాకపోతే రెండు రోజుల్లో "సర్దుకుంటాడు", కాబట్టి రాకపోవడమే మేలని నమ్మేవారు. ఆ సర్దుకోవడం ఏమిటో చూపించింది జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సోషల్ వర్కర్. లండన్‌లో ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాపను ఆయన చిత్రీకరించి 1952లో బయటపెట్టాడు. మొదట గొడవ, తర్వాత దిగులు, ఆ తర్వాత ఎవరూ అక్కర్లేనట్టు ముడుచుకుపోవడం: పిల్లలు ఈ వరసలో వెళతారని ఆయన చెప్పాడు. నర్సులు "కుదురుకుంది" అనుకున్నది ఈ చివరి రెంటినే. 1959లో ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ బ్రిటన్ ఆసుపత్రులకి, పిల్లల్ని చూడడానికి తల్లిదండ్రులకి వేళల ఆంక్షలు పెట్టొద్దని సిఫారసు చేసింది. ఈలోగా అమెరికాలో, 1955లో, ఎమ్మా ప్లాంక్ క్లీవ్‌లాండ్ సిటీ హాస్పిటల్‌లో పిల్లల కోసం ఆటా చదువూ కలిపిన విభాగం మొదలుపెట్టింది. ఇవాళ్టి ఉద్యోగానికి మూలాలు అక్కడున్నాయి. ఇప్పుడు దానికి డిగ్రీ, కనీసం 600 గంటల ఇంటర్న్‌షిప్, ఆపైన సర్టిఫికేషన్ పరీక్ష ఉన్నాయి. పిల్లలంటే ఇష్టం ఉంటే చాలనుకునేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి.

మొదట చెప్పిన పిల్లాడి దగ్గరికి వద్దాం. చెయ్యి ఎందుకు కదపడం లేదు? సూది ఇంకా లోపలే ఉందనుకుంటున్నాడు. కదిపితే గుచ్చుకుంటుంది కదా, అందుకని. కాన్యులాలో సూది కేవలం దారి చెయ్యడానికేననీ, అది వెంటనే బయటికి వచ్చేస్తుందనీ, లోపల మిగిలేది సన్నటి మెత్తని ప్లాస్టిక్ గొట్టమనీ పెద్దవాళ్ళకి తెలుసు. పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు చేసేది చాలా చిన్న పని. సూది తీసేసిన ఖాళీ కాన్యులాని పిల్లాడి అరచేతిలో పెడుతుంది. "వంచి చూడు" అంటుంది. వాడు వంచుతాడు, అది వంగుతుంది. "నీ చేతిలో ఉన్నదీ ఇదే. నువ్వు వేలు కదిపితే ఇదీ వంగుతుంది, గుచ్చుకోదు." ఒక నిమిషం చూస్తాడు. చిటికెన వేలు కొంచెం కదుపుతాడు. తర్వాత పిడికిలి బిగించి విప్పుతాడు. ఇరవై గంటల భయానికి రెండు నిమిషాల మందు ఇది. ఇందులో నవ్వించడం ఎక్కడా లేదు.

పిల్లల భయాల్లో సగం ఇలాంటివే. నొప్పి ఒక్కటే కాదు, నొప్పి గురించి వాళ్ళు అల్లుకున్న కథ. "రక్తం తీస్తారు" అని వినగానే నాలుగేళ్ళ పిల్లకి అర్థమయ్యేది ఉన్నదంతా తోడేస్తారని. పిల్లల ఒంట్లో కిలోకి సుమారు 75 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది, 16 కిలోల పిల్లకి 1,200 మిల్లీలీటర్లు. మామూలు పరీక్షకి తీసేది రెండు మూడు మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచా కూడా నిండదు. లీటరు నీళ్ళ సీసానీ చెంచానీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆ పిల్లకి లెక్క అర్థమైపోతుంది. ఆ వయసువాళ్ళకి ఇంకో అనుమానం, సూది గుచ్చిన చిల్లులోంచి లోపలిదంతా కారిపోతుందని. చిన్న ప్లాస్టర్ అతికించడాన్ని గారాబం అనుకుంటారు చాలామంది. ఆ పిల్లకి అది చిల్లు మూయడం.

ఇక సూది గుచ్చే పని. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తీవ్రమైన జబ్బున్న పిల్లాడికి ఇది ఒకసారితో పోయేది కాదు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ చికిత్స మామూలుగా రెండేళ్ళకి పైగా సాగుతుంది. మొదటి వారంలో పాడైపోయిన నమ్మకాన్ని ఆ రెండేళ్ళూ మొయ్యాలి.

పని గంటా పావు ముందు మొదలవుతుంది. చర్మాన్ని మొద్దుబార్చే ఎమ్లా క్రీములో లిడోకైన్, ప్రిలోకైన్ అనే మందులు చెరి 2.5 శాతం ఉంటాయి. దాన్ని రుద్దకూడదు. మందంగా పెట్టి, పైన పారదర్శకమైన ప్లాస్టర్ మూసి, కనీసం 60 నిమిషాలు ఉంచాలి. వట్టి లిడోకైన్ 4 శాతం క్రీమైతే 30 నిమిషాలు. మొదటి నరం దొరకకపోవచ్చు కాబట్టి రెండు చోట్ల పెట్టాలి, అయితే మొత్తం మోతాదు వయసూ బరువూ చూసి డాక్టరు చెప్పిన హద్దులోనే. ఎక్కడ తప్పుతుందంటే, ఆర్డరు ఆలస్యంగా వస్తుంది, క్రీము పదిహేను నిమిషాల ముందు పూస్తారు, "ఇక నొప్పి తెలీదు" అని మాటిస్తారు, గుచ్చుతారు. నొప్పి తెలుస్తుంది. అంతటితో ఆ క్రీము కూడా అబద్ధాల జాబితాలో చేరిపోతుంది. మళ్ళీసారి ట్యూబు చూడగానే పిల్లాడు ఏడుపు అందుకుంటాడు. అంత టైము లేకపోతే క్రీము గురించి మాటివ్వకపోవడమే మంచిది. ఇంకో చిక్కు, ఎమ్లా పెట్టిన చోట చర్మం పాలిపోయి నరాలు కాసేపు ముడుచుకుంటాయి. తుడిచాక కొద్ది నిమిషాలు ఆగితే మళ్ళీ కనిపిస్తాయి. ప్లాస్టర్ పీకడం కూడా నొప్పే. పైకి లాగకుండా చర్మానికి సమాంతరంగా సాగదీస్తే సులువుగా ఊడుతుంది, పిల్లాడే తీసుకుంటానంటే ఇంకా మంచిది. మొద్దుబారినా తాకినట్టూ నొక్కినట్టూ తెలుస్తుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ నొక్కుడినే నొప్పి అనుకుని హడలిపోతాడు.

కూర్చునే తీరు అంతకన్నా ముఖ్యం. వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు పట్టుకుంటే ఏ పిల్లాడైనా పెనుగులాడతాడు, మనమైనా అంతే. చిన్నపిల్లల్ని అమ్మ ఒళ్ళో ఎదురెదురుగా, రొమ్ముకి ఆనించి కూర్చోబెట్టాలి. కాళ్ళు అమ్మ నడుముకి అటూ ఇటూ, గుచ్చాల్సిన చెయ్యి అమ్మ చంక కిందుగా వెనక్కి. ఒక నర్సు ఆ చేతిని మణికట్టు దగ్గరా మోచేతి దగ్గరా కదలకుండా పట్టుకుంటుంది. పట్టుకునేది చేతిని, పిల్లాణ్ణి కాదు. అమ్మ చేసేది కౌగిలించుకోవడం. చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు ఎప్పుడూ ఆ పట్టుకునేవాళ్ళలో ఉండకూడదు. మనుషులు చాలక "మీరూ ఓ చెయ్యి వెయ్యండి" అనే సందర్భాలు వస్తాయి. ఒక్కసారి వేసిందంటే పిల్లాడి లెక్కలో ఆవిడ కూడా అటువైపు మనిషే.

గదిలో ఒక్క గొంతే వినిపించాలి. నర్సు "కదలకు" అని, నాన్న "అటు చూడు" అని, అమ్మ "అయిపోయిందమ్మా, అయిపోయింది" అని, ఇంకెవరో పాట అందుకుని, ఇన్ని గొంతుల మధ్య పిల్లాడికి తెలిసేది అందరూ కంగారు పడుతున్నారనే. "ఏం కాదు, ఏం కాదు" అని పదేపదే ఊరడించడం, "సారీ కన్నా" అనడం పిల్లల భయాన్ని తగ్గించకపోగా పెంచుతాయని పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనబడింది. వినడానికి అన్యాయంగా ఉంటుంది, తల్లి ఇంకేమంటుంది పాపం! కానీ పిల్లాడి వైపు నుంచి చూడండి. ఏం కాకపోతే అమ్మ అన్నిసార్లు ఎందుకంటుంది? దానికి బదులు అమ్మకి ఒక పని ఇవ్వాలి: బుడగలు ఊదించడం, పుస్తకంలో దాక్కున్న బొమ్మని వెతికించడం. బుడగ రావాలంటే నెమ్మదిగా, పొడవుగా ఊదాలి. ఊపిరి అలా వదిలినప్పుడు బిగుసుకున్న ఒళ్ళు వదులవుతుంది. నెలల పసికందులకైతే గుచ్చడానికి రెండు నిమిషాల ముందు నాలుక మీద 24 శాతం సుక్రోజ్ (చక్కెర నీళ్ళ) చుక్కలు వేసి, పీల్చుకోవడానికి ఏదైనా ఇస్తారు.

ఒప్పుకోలు అడిగేటప్పుడు కూడా అబద్ధం దొర్లుతుంది. "సూది వేయించుకుంటావా నాన్నా?" అని అడిగితే వాడు వద్దంటాడు. వద్దన్నా వేస్తారు. మరి అడగడమెందుకు? వాడి చేతిలో నిజంగా ఉన్నవే అడగాలి. కుడి చెయ్యా ఎడమ చెయ్యా (రెండిట్లోనూ నరం బాగుంటేనే). చూస్తావా, చూడవా? మూడు లెక్కపెట్టమంటావా, వద్దా? మూడన్నాక గుచ్చుతామని రెండు దగ్గర గుచ్చడం తెలివి అనుకునేవాళ్ళున్నారు. అది పిల్లాడికి జీవితాంతం గుర్తుండే దగా.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. బుడగలు మత్తుమందు కావు. ఎముక మజ్జ తీసే పరీక్షకి, పుండు కట్టు మార్చడానికి నొప్పిమందు బాగా తగ్గించి, "చైల్డ్ లైఫ్ వాళ్ళని పిలవండి, ఆడిస్తారు" అనడం ఈ వృత్తిని అడ్డుపెట్టుకుని పిల్లాణ్ణి బాధపెట్టడమే. "ఈ నొప్పికి ఈ మందు చాలదు" అని డాక్టరుకి చెప్పగలిగే స్థానం ఆవిడకి ఉండాలి. అందుకే ఈ పనిని స్వచ్ఛంద సేవకులతో నెట్టుకొచ్చే పద్ధతిని నేను ఒప్పుకోను. స్వచ్ఛంద సేవకులు బొమ్మలు పంచగలరు, కథలు చదవగలరు, అది మంచి పనే. కానీ రౌండ్స్‌లో నిలబడి, కేసు షీటు చదివి, "ఇవాళ వద్దు, రేపు మత్తిచ్చి చెయ్యండి" అనలేరు. అన్నా ఎవరూ వినరు.

"ముందే చెబితే ఇంకా భయపడతాడు" అనేది తల్లిదండ్రుల నుంచి తరచూ వచ్చే అభ్యంతరం. అందులో కొంత నిజముంది. రెండు మూడేళ్ళ పిల్లలకి వారం ముందు చెబితే వారమంతా నలిగిపోతారు, వాళ్ళకి కాసేపటి ముందు చాలు. నాలుగు నుంచి ఆరేళ్ళవాళ్ళకి ఒకటి రెండు రోజులు, బడి వయసువాళ్ళకి దాదాపు వారం. కౌమారంలో ఉన్నవాళ్ళకి నిర్ణయం జరిగేటప్పుడే చెప్పాలి, అసలు ఆ మాటల్లో వాళ్ళూ ఉండాలి. కొందరు పిల్లలు వివరాలు వద్దంటారు, చెవులు మూసుకుంటారు. వాళ్ళకి ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, ఎంతసేపు, తన పనేమిటి, ఈ నాలుగూ చెప్పి ఆపేయాలి. బలవంతంగా బొమ్మకి సూది గుచ్చి చూపిస్తే బెడిసికొడుతుంది.

బొమ్మ అన్నాను కాబట్టి, అది ముఖం లేని తెల్లటి గుడ్డబొమ్మ. ముఖం పిల్లలే గీస్తారు. నవ్వుతున్నదా ఏడుస్తున్నదా అన్నది వాళ్ళిష్టం. నిజం సిరంజి (సూది లేకుండా), నిజం కట్టు, నిజం మాస్కు. భయంకరమైన పని జరిగిన గంటలోనే బొమ్మ చేతికివ్వకూడదు, మర్నాడో, వాడు అడిగినప్పుడో ఇవ్వాలి. ఇస్తే ఏం చేస్తాడు? చాలాసార్లు బొమ్మని సిరంజితో పొడుస్తాడు. ముప్ఫైసార్లు పొడుస్తాడు. "పాపం, దానికి నొప్పి" అని పెద్దవాళ్ళు ఆపేస్తారు. ఆపకూడదు. పదిరోజులుగా తనకి జరుగుతున్నదాన్ని మొదటిసారి తను చేస్తున్నాడు. ఎక్కడ పొడుస్తున్నాడు, బొమ్మని ఏమని తిడుతున్నాడు అనేది స్పెషలిస్టు చూస్తుంది. "చెప్పిన మాట వినలేదు కదా, అందుకే సూది" అన్నాడంటే, జబ్బు తన తప్పుకి శిక్ష అనుకుంటున్నాడన్నమాట. అల్లరి చేస్తే సూది వేయిస్తానని ఎప్పుడో ఎవరో బెదిరించి ఉంటారు.

మన మాటలు పిల్లల చెవిలో ఎలా పడతాయో వేరే రాయాల్సినంత ఉంది. "ఒంట్లో పురుగు చేరింది" అంటే అది చేతులు కడుక్కోనందుకు చేరిందా, చెల్లికి పాకుతుందా అని మొదలు. స్కానుకి "డై ఎక్కిస్తాం" అంటే ఇంగ్లీషు తెలిసిన పిల్లలకి వినిపించేది చావు. "రంగు మందు" అంటే సరిపోతుంది. "మత్తిచ్చి నిద్రపుచ్చుతారు" అంటే రాత్రి పడుకోవడానికే భయపడే పిల్లలుంటారు, నిద్రలో కోసేస్తారని. ఇది వేరే నిద్రనీ, మందు ఇస్తున్నంతసేపూ పిలిచినా తాకినా తెలీదనీ, పని అవగానే మందు ఆపేసి లేపుతారనీ చెప్పాలి. చావు గురించి మనకున్న మాటలన్నీ ప్రయాణాలే: పోయాడు, వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ పిల్ల "ఎక్కడికి పోయాడు, ఎప్పుడొస్తాడు?" అనే అడుగుతుంది. కాబట్టి "చనిపోయాడు" అనే మాటే వాడాలి. "అంటే గుండె కొట్టుకోవడం ఆగిపోయింది, ఇక ఊపిరి తీసుకోడు, నొప్పి తెలీదు, మళ్ళీ లేవడు." గొంతు వణికినా ఫరవాలేదు, మాట స్పష్టంగా ఉండాలి.

"నేను చచ్చిపోతానా?" అని పిల్లాడు అడిగిన రోజున గదిలో ఉన్నవాళ్ళు "ఛ, అలాంటి మాటలనకూడదు" అంటారు. వాడు మళ్ళీ అడగడు. ఇదీ నిశ్శబ్దమే. పెద్దవాళ్ళని కాపాడటానికి పిల్లాడు పాటించే నిశ్శబ్దం. ముందు అడగాల్సింది "ఇవాళ నీకెందుకలా అనిపించింది?" అని. జవాబులో ఒక్కోసారి చాలా చిన్న సంగతి ఉంటుంది, పక్క మంచం ఖాళీ అయిందని, అమ్మ బాత్రూంలో ఏడ్చిందని. ఒక్కోసారి అసలు సంగతే ఉంటుంది. అప్పుడు నిజం చెప్పాలి, వాడు అడిగినంత మేరకే. 2004లో ఉల్రికా క్రైక్‌బెర్గ్స్ అనే పరిశోధకురాలి బృందం స్వీడన్‌లో క్యాన్సర్‌తో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని అడిగి చూసింది. బిడ్డతో చావు గురించి మాట్లాడిన 147 మందిలో ఒక్కరు కూడా ఎందుకు మాట్లాడామా అని బాధపడలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది మాట్లాడాల్సిందని కుమిలిపోయారు. ఏ కుటుంబాన్నీ బలవంతపెట్టడానికి ఈ లెక్క పనికిరాదు. కానీ "చెప్పి తప్పు చేశామని తర్వాత బాధపడతామేమో" అని వణికే తండ్రి ముందు పెట్టదగిన లెక్క ఇంతకన్నా నాకు కనబడలేదు.

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరూ మరిచిపోయే మనుషులు. వాళ్ళ మనసులో మూడు ప్రశ్నలు తిరుగుతుంటాయి: నా వల్ల వచ్చిందా, నాకూ వస్తుందా, ఇక నన్నెవరు చూసుకుంటారు? అడగకపోయినా మూడింటికీ జవాబు చెప్పాలి. "మొన్న నువ్వు తోసినందుకు కాదు" అని పేరు పెట్టి మరీ చెప్పాలి. ఐసీయూలో ఉన్న తమ్ముణ్ణి చూడ్డానికి తీసుకెళ్ళే ముందు ఏ గొట్టం ఎక్కడ ఉంటుందో, యంత్రం ఎలా మోగుతుందో, ముఖం ఎంత ఉబ్బి ఉంటుందో, తాకితే చెయ్యి చల్లగా ఉండొచ్చని కూడా ముందే చెప్పాలి, వీలైతే ఫొటోలో చూపించాలి. ఆ పిల్ల కోసమే ఒక పెద్దమనిషి పక్కన ఉండాలి. బయటికి వెళ్ళిపోతానంటే అమ్మానాన్నల్ని అడగకుండా వెంటనే తీసుకెళ్ళగలిగే మనిషి.

బతకడని తెలిసిన పిల్లాడికి చివరి రోజుల్లో, ఇంట్లోవాళ్ళకి గుర్తుగా, చేతి అచ్చులు తీస్తారు. దీన్ని ఆఖరి గంటకి వాయిదా వెయ్యడం పెద్ద పొరపాటు. అప్పటికి చేతులు ఉబ్బుతాయి, కాన్యులాలుంటాయి, వేళ్ళు విచ్చుకోవు, పైగా పిల్లాణ్ణి అడిగే అవకాశం ఉండదు. కాస్త ఆడగలిగే రోజున, ఆటగానే, తీయాలి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌ని నేరుగా చేతికి పెట్టకూడదు, గట్టిపడేటప్పుడు వేడెక్కి కాలుస్తుంది. ముందు నీళ్ళలో మెత్తగా గడ్డకట్టే ఆల్జినేట్ పొడి కలిపి అందులో చెయ్యి ముంచాలి. నీళ్ళు వెచ్చగా ఉంటే నిమిషాల్లోనే గడ్డకడుతుంది, చల్లగా ఉంటే చెయ్యి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. చెయ్యి తీశాక ఆ అచ్చులో వెంటనే ప్లాస్టర్ పొయ్యాలి, ఆలస్యమైతే ఆల్జినేట్ ఎండి కుంచించుకుపోతుంది. పోశాక గిన్నెని మెల్లగా తట్టాలి, లేకపోతే వేలికొసల్లో గాలి బుడగలు మిగిలి గోళ్ళు రావు. అచ్చులు రెండు తీయాలి, ఒకటి అమ్మానాన్నలకి, ఒకటి తోబుట్టువుకి. చెయ్యి ముంచే ముందు పిల్లాణ్ణే అడగాలి: "నీ చెయ్యి ఒక్కటేనా, ఇంకెవరి చెయ్యయినా పట్టుకుంటావా?"